సిమెంటు ఫైబర్‌ను ఎలా పట్టుకుంటుంది?

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, రోడ్లు భవనాల శాఖ నుంచీ నీటిపారుదల శాఖ నుంచీ వచ్చిన ఇంజినీర్లకు, విద్యార్థులకు నమస్కారం. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి జయంతి నాడు 1908 నాటి మూసీ వరదను, ఆ తరువాత హైదరాబాదుకు ఆయన చేసిన మేలును తలుచుకోవడం ఆనవాయితీ. ఆ పని నాకు ముందు మాట్లాడినవారు ఎంతో చక్కగా చేశారు కనుక, నాకిచ్చిన సమయాన్ని చాలాకాలంగా నన్ను బాధిస్తున్న ఒక్క విషయానికే వినియోగిస్తాను. పగుళ్లను ఆపడానికి కాంక్రీటులో ఫైబర్, అంటే సన్నని పోగులు, వేసేటప్పుడు మనం దాని బలం అడుగుతున్నాం, ఘనపు మీటరుకు ఎన్ని కిలోలో అడుగుతున్నాం, ధర అడుగుతున్నాం. దాని ఉపరితలం ఎలాంటిదో, సిమెంటు దాన్ని ఏ బంధంతో పట్టుకుంటుందో మాత్రం అడగడం లేదు.

సిమెంటులో నీరు కలిసినప్పుడు ప్రధానంగా రెండు పదార్థాలు పుడతాయి. మొదటిది కాల్షియం సిలికేట్ హైడ్రేట్. కాల్షియం, ఆక్సిజన్ల పొరలకు ఇరువైపులా పొట్టి సిలికేట్ గొలుసులు, ఆ పొరల నడుమ నీరు, మరికొన్ని కాల్షియం అయాన్లు ఉండే ఈ నిర్మాణం టోబర్మొరైట్ అనే ఖనిజాన్ని పోలి ఉంటుంది. కాంక్రీటు బలమంతా చాలావరకు దీనిదే. రెండవది కాల్షియం హైడ్రాక్సైడ్. దీనితో పాటు సిమెంటులోని సోడియం, పొటాషియం క్షారాలు కూడా చేరడం వల్ల రంధ్రాలలోని నీటి పి.హెచ్. విలువ 13కు దగ్గరగా ఉంటుంది. ఈ క్షార జలం సంగతి కాస్త గుర్తుంచుకోండి, దానితో మళ్లీ పని పడుతుంది.

ఇప్పుడు ఈ పదార్థాల పక్కకు ఒక ఫైబర్ వచ్చిందనుకుందాం. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో కార్బన్, హైడ్రోజన్ తప్ప మరేమీ లేవు. నీటిని దగ్గరకు రానివ్వని ఆ ఉపరితలం మీద హైడ్రోజన్ బంధం ఏర్పడడానికి చోటే లేదు. అందుకే తయారీదారులు దాన్ని వంకరలు తిప్పుతారు, వలలా చీలుస్తారు, అంటే రసాయన బంధం లేని లోటును ఆకారంతో పూడుస్తారు. స్టీలు ఫైబర్ చివర కొక్కెం పెట్టడం కూడా ఇందుకే. పాలీవినైల్ ఆల్కహాల్ ఇందుకు పూర్తిగా భిన్నమైనది. దాని గొలుసులో ఒక కార్బన్ విడిచి ఒక కార్బన్‌కు హైడ్రాక్సిల్ సమూహం ఉంటుంది. అది సిలికేట్‌లోని ఆక్సిజన్‌తోనూ పొరల నీటితోనూ హైడ్రోజన్ బంధాలు కట్టుకుంటుంది. ఆక్సీకరణం చేసిన కార్బన్ ఫైబర్ మీద కార్బాక్సిల్ సమూహాలు ఉంటాయి కనుక, ఒకవైపు సిలికేట్ ఆక్సిజన్‌ను, మరోవైపు కార్బాక్సిల్ ఆక్సిజన్‌ను పట్టుకుని కాల్షియం అయాను వారధిగా నిలుస్తుంది.

ఆస్బెస్టాస్ మాట ఎత్తకుండా ఈ విషయం పూర్తికాదు. గత శతాబ్ది ఆరంభంలో ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాట్షెక్ దాన్ని సిమెంటుతో కలిపి రేకులు చేశాడు. మన పులివెందుల ప్రాంతంలో తవ్విన క్రైసోటైల్ అనే ఆస్బెస్టాస్ రకాన్ని అణువుల స్థాయిలో చూస్తే, చుట్టుకుపోయిన పొరలకు బయటివైపున మెగ్నీషియం హైడ్రాక్సిల్ ముఖమే ఉంటుంది, సిమెంటు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అంత చక్కని బంధమున్న ఫైబర్ మనిషి ఊపిరితిత్తులను తినేస్తుందని తేలింది. దాని స్థానంలోకి రావలసిన ఫైబర్లను అంతకన్నా శ్రద్ధగా ఎంచుకోవడం మన బాధ్యత.

బంధం ఎంత గట్టిదైతే అంత మేలు అనుకుంటే పొరపాటే. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో విక్టర్ లీ బృందం పాలీవినైల్ ఆల్కహాల్ ఫైబర్‌తో వంగే కాంక్రీటును రూపొందించేటప్పుడు, ఫైబర్ సిమెంటుకు అతిగా అతుక్కుని, పగులు తెరుచుకోగానే జారకుండా తెగిపోతోందని గమనించింది. అందుకని ఫైబర్ బరువులో సుమారు 1.2 శాతం నూనె పూత వేసి, బంధాన్ని కావాలనే తగ్గించారు. ఫైబర్ తెగకుండా మెల్లగా జారితేనే పగులు దగ్గర శక్తి ఖర్చవుతుంది. అప్పుడే ఒక పెద్ద పగులుకు బదులు సన్నని పగుళ్లు అనేకం వస్తాయి.

ఇక్కడి నుంచి స్టీలు ఫైబర్ లెక్కలలోకి వెళ్లాలనుకున్నాను. విద్యార్థుల ముఖాలు చూశాక ఆ లెక్కలు పక్కన పెడుతున్నాను, ఎందుకంటే మీకు వాటికన్నా ఒక కల్యాణ మండపం జాలీల సంగతి తెలియడం ముఖ్యం. ఒక పట్టణంలో మండపం ముందరి గోడకు గ్లాస్ ఫైబర్ సిమెంటు జాలీలు బిగించారు. పోత పోసిన 28 రోజులకు చేసే బలపరీక్షలో అవి గొప్పగా నెగ్గాయి, బిల్లులూ చెల్లించారు. కొన్నేళ్లకు ఒక వర్షాకాలం తరువాత ఒక జాలీ ముక్క విరిగి మెట్ల మీద పడింది. ఆ వేళ పెళ్లి లేదు కనుక ఎవరికీ ఏమీ కాలేదు. నన్ను పిలిచి చూడమన్నప్పుడు, విరిగిన అంచున బయటికి పొడుచుకు వచ్చిన పోగు ఒక్కటీ లేదు. అన్నీ విరిగిన ముఖం మట్టానికి కోసినట్టు తెగి ఉన్నాయి. కాగితాలలో గ్లాస్ ఫైబర్ అని మాత్రమే రాసి ఉంది, ఏ గ్లాసో లేదు. పరీక్షిస్తే అది పడవలకు, ప్లాస్టిక్ ట్యాంకులకు వాడే మామూలు ఇ-గ్లాస్ అని తేలింది.

ఇందాక గుర్తుంచుకోమన్న క్షార జలం చేసే పని ఇదే. అందులోని హైడ్రాక్సిల్ అయాన్లు గాజులోని సిలికాన్, ఆక్సిజన్, సిలికాన్ వరుసను మధ్యలో తెంచుతాయి, పోగు మీద గుంటలు పడతాయి, బలం క్షీణిస్తుంది. 1960ల చివర బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ స్టేషన్‌లో ఎ. జె. మజుందార్ బృందం సుమారు 16 శాతం జిర్కోనియా, అంటే జిర్కోనియం ఆక్సైడ్, ఉన్న గాజుతో ఈ క్షయాన్ని బాగా నెమ్మదింపజేసింది. ఇంత పాత సమాధానం చేతిలో ఉండగా, కిలోకు మిగిలే కొద్ది రూపాయల కోసం ఇ-గ్లాస్ వాడి జనం తలల మీద వేలాడదీయడం నాకు క్షమించరానిదిగా తోస్తుంది. మిత్రులారా, కాగితంలో రాయని ఆ ఒక్క మాట ఎవరి ప్రాణమైనా తీసి ఉండేది.

జిర్కోనియా గాజుకు కూడా ఒక చిక్కుంది. ఒక్కో పాయలో సుమారు రెండు వందల సన్నని పోగులు ఉంటాయి. కాలక్రమేణా వాటి సందులలో కాల్షియం హైడ్రాక్సైడ్ స్ఫటికాలు పెరిగి పాయను బిగించేస్తాయి. అప్పుడు పోగులు జారలేవు, తెగుతాయి. మిశ్రమంలో మెటాకయోలిన్ గానీ సిలికా ఫ్యూమ్ గానీ, అంటే సిలికా ఉన్న మెత్తని పొడులు, కలిపితే ఆ హైడ్రాక్సైడ్‌ను అవి తమతో చర్యలో వాడుకుని మరింత సిలికేట్ హైడ్రేట్‌గా మారుస్తాయి.

విద్యార్థులారా, ల్యాబులో ముక్క విరగ్గొట్టి అంకె రాసుకుని పారేయకండి. విరిగిన ముఖాన్ని భూతద్దంతో చూడండి: పోగులు జారి బయటికి వచ్చాయా, మట్టానికి తెగాయా అన్నది రాయండి. ఇక్కడున్న అధికారులకు నా విన్నపం: గ్లాస్ ఫైబర్ పనుల టెండరులో జిర్కోనియా శాతాన్ని ధ్రువీకరించిన కాగితం అడగండి, 28 రోజుల ఫలితంతో పాటు, 50 డిగ్రీల వేడినీటిలో ఉంచి కృత్రిమంగా వయసు పెంచిన నమూనాల ఫలితం కూడా చూసిన తరువాతే జాలీ గోడకు ఎక్కడానికి అనుమతించండి.