దీని అసలు పేరు ఉమయీమె

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పుడే చదివారు కాబట్టి మళ్లీ చదవను, ఏమీ అనుకోవద్దు. నీడలో పెరిగే నాలుగు ఇంటి మొక్కల గురించి మాట్లాడమన్నారు. ముందు ఈ బల్ల మీది కుండీ చూడండి. ముదురాకుపచ్చ ఆకులు, పట్టీల్లా, రెండు పక్కలా విసనకర్రలా విచ్చుకుని ఉన్నాయి. ఏడాదంతా ఇలాగే పచ్చగా ఉంటుంది. పూస్తే మధ్యలోంచి ఒక్క కాడ లేచి, దాని కొసన నారింజ రంగు పూలు గుత్తిగా వస్తాయి.

నర్సరీలో దీన్ని క్లైవియా అంటారు, కొందరు క్లివియా అంటారు. ఆ పేరులో ఉన్నది మన పాఠాల్లో చదువుకున్న రాబర్ట్ క్లైవ్ కుటుంబమే. ఆయన మనవరాలు షార్లెట్ లండన్ దగ్గర సయాన్ హౌస్‌లో ఈ జాతి మొక్కను పెంచి పూయించింది. 1828లో జాన్ లిండ్లీ అనే వృక్షశాస్త్రవేత్త ఆమె పుట్టింటి పేరు దీనికి పెట్టాడు. ఆమె తండ్రి ఎడ్వర్డ్ క్లైవ్ 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. పదేళ్ల పిల్లగా ఓడెక్కి ఆమె కూడా మద్రాసు వచ్చింది. టిప్పు చనిపోయిన మరుసటి ఏడాది తల్లితో, అక్కతో శ్రీరంగపట్నం దాకా తిరిగింది. 1765లో మన ఉత్తర సర్కార్లకు ఢిల్లీ పాదుషా చేత ఫర్మానా రాయించుకున్నది వాళ్ల తాతే. అప్పుడు మన నేలకు ఈస్టిండియా కంపెనీ పేర హక్కు రాయించుకున్నది ఆ ఇంటివాళ్లే, తర్వాత ఎవరిదో అడవిలోని మొక్కకూ ఆ ఇంటి పేరే వచ్చింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఈ మొక్కది దక్షిణాఫ్రికా తూర్పు తీరం. షార్లెట్ పెంచినది పూలు కిందికి వేలాడే రకం. మన కుండీల్లో ఉండేది పూలు పైకి విచ్చుకునే మినియాటా. ఆ దేశంలోని క్వాజులు నటాల్ రాష్ట్రపు అడవుల్లో, చెట్ల నీడన, రాలిన ఆకులు కుళ్లిన ఎరువులో పెరుగుతుంది. మావారి ఉద్యోగం వల్ల పదకొండేళ్లు డర్బన్‌లో ఉన్నాం. 1860లో ట్రూరో ఓడలో మద్రాసు నుంచి చెరకు తోటల పనికి మనవాళ్లు దిగిన రేవు అదే.

అక్కడ ఒక ఆదివారం రోడ్డు పక్కన గోనె సంచిలో పెట్టి అమ్ముతుంటే రెండు మొక్కలు కొన్నాను. చవగ్గా వచ్చాయని సంబరపడ్డాను. పక్కింట్లో ఒక జులూ పెద్దావిడ ఉండేది. అందరం గోగో అనేవాళ్లం, అంటే అమ్మమ్మ. ఆవిడ వంగి, వేలితో మట్టి పక్కకు తీసింది. వేళ్లు లావుగా, తెల్లగా, చిటికెన వేలంత ఉన్నాయి. సగానికి సగం పార దెబ్బకు తెగిపోయాయి. "ఎక్కడ తవ్వారమ్మా దీన్ని?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

"దీని పేరు ఉమయీమె" అంది. కాన్పు ఆలస్యమైతే దీని దుంపతో మందు ఇచ్చేవారట. జ్వరానికీ, పాము కాటుకీ వాడేవారట. విషం కూడా ఉందని, తెలిసినవాళ్లే ముట్టుకోవాలని హెచ్చరించింది. తన చిన్నప్పుడు వాగు ఒడ్డంతా ఉండేదని, ఇప్పుడు చాలా దూరం నడిస్తే గాని కనబడదని చెప్పింది. నేను కొన్న వాటిలో ఒకటి నెల తిరక్కుండా కుళ్లిపోయింది. ఆ తప్పు నాదే. దక్షిణాఫ్రికాలో ఈ మొక్క ఇప్పుడు ముప్పులో ఉన్న జాతుల జాబితాలో ఉంది. మందుల సంతకు తవ్వేవాళ్లూ, తోటలకు తవ్వేవాళ్లూ, అడవి నరికేవాళ్లూ అందరూ కలిసి అక్కడిదాకా తెచ్చారు.

అమ్మా, అయ్యా, మీరందరూ మిద్దె మీద తోటలు పెంచే మనసున్నవాళ్లు. మన శేషాచలం కొండల్లో పేరిత అనే సైకస్ జాతి చెట్టుకూ ఇలాంటి కష్టమే వచ్చింది. అడవిలోంచి తవ్వి తెచ్చిన మొక్కను ఎవరు ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి. అడగండి, "ఇది గింజ నుంచి వచ్చిందా, పిలకా, తవ్వి తెచ్చిందా?" అని. ఆరోజు నేను అడగలేదు.

పెంపకం సంగతి చెబుతాను. మన హైదరాబాద్ ఎండ నేరుగా తగిలితే ఆకు మాడుతుంది. తూర్పు వరండా చాలు. చాలామంది చేసే పొరపాటు నీళ్లు ఎక్కువ పోయడం. డిసెంబరు, జనవరిలో రాత్రుళ్లు చల్లబడతాయి, అప్పుడు నీళ్లు బాగా తగ్గించండి. ఆ చలి, ఆ ఎండుదనం లేకపోతే కాడ పైకి లేవకుండా ఆకుల మధ్యే ఇరుక్కుని పూస్తుంది, లేదా అసలు పూయదు. వేళ్లు కుండీ నిండా కిక్కిరిసినా దానికి ఇష్టమే, తొందరపడి మార్చకండి. పిల్లలు, పెంపుడు కుక్కలు నమలకుండా చూసుకోండి.

మిగతా మూడు మొక్కలకు టైం లేదు, ఇంకోసారి పిలిస్తే చెబుతాను. కూనూరులో మా ఆడపడుచు తోటలో పండిన ఉమయీమె గింజలు ఈ డబ్బాలో తెచ్చాను. కాయ పండడానికే దాదాపు ఏడాది పట్టింది. గింజను లోపలికి పాతిపెట్టకండి, తడి మట్టి మీద సగం బయటికి కనబడేలా అదిమితే చాలు. పువ్వు చూడటానికి నాలుగైదేళ్లు పడుతుంది. అంతవరకు ఓపిక పట్టగలను అనుకున్నవాళ్లు ఇలా ముందుకు రండి, తలా ఒకటి ఇస్తాను.