అద్దె ఇల్లు: లెక్కలో రాని రెండు నెలలు

అందరికీ నమస్కారం. మొన్న చిత్తూరు నుంచి మా బావ వచ్చి, మా తిరుపతిలోనే కొర్లగుంట వైపు ఒక ఇల్లు చూపించాడు. కిందొక పోర్షన్, పైనొక పోర్షన్. అరవై లక్షలు చెబుతున్నారు. "ఒక్కో పోర్షన్‌కి పదివేలు, ఏడాదికి 2,40,000. ఇంక కూర్చుని తినొచ్చు రా" అన్నాడు. ఫోన్లో లెక్క వేసి చూపించాను. అరవై లక్షల మీద అది సరిగ్గా నాలుగు శాతం. అదీ పన్నెండు నెలలూ అద్దె చేతికొస్తే.

రాదండీ. పదకొండేళ్లుగా ఇళ్లు అద్దెకిస్తున్నాను. అన్ని నెలలూ నిండుగా అద్దె వచ్చిన ఏడాది నాకు రెండుసార్లే తగిలింది. అందుకే కొనేముందే పది నెలల అద్దెతోనే లెక్క వేస్తాను. ఒక నెల ఖాళీకి, ఒక నెల రిపేర్లకు వదిలేస్తాను. బావ ఇంటికి అలా చూస్తే రెండు లక్షలు. అంటే మూడు శాతం పైన కాస్త.

ఖాళీ సంగతి ముందు చెప్తాను. స్కూళ్లు తెరవకముందే కుటుంబాలు ఇళ్లు వెతుక్కుంటాయి. అప్పుడు టు లెట్ బోర్డు కట్టిన రెండో రోజే ఫోన్లు వస్తాయి. అదే ఆషాఢం పడ్డాక ఇల్లు ఖాళీ అయిందనుకోండి, చూడ్డానికి వస్తారు, బాగుందంటారు, "శ్రావణంలో పాలు పొంగిస్తాం సార్" అని వెళ్లిపోతారు. భాద్రపదం, పుష్యం కూడా ఇంచుమించు ఇదే కథ. అద్దె అగ్రిమెంటు చాలామంది పదకొండు నెలలకు రాస్తారు కదా. నేను గడువు ఆషాఢంలో పడుతుందనిపిస్తే తొమ్మిది నెలలకే రాయించేస్తాను. పంచాంగం చూసి అగ్రిమెంటు రాస్తాడని మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ.

ఇక రిపేర్లు. 2021 నవంబరు వానలు తిరుపతిలో ఎవరూ మర్చిపోరు. ఆ వారంలో మా పై పోర్షన్ అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, వంటింట్లో స్లాబ్ కారతా ఉండాది" అన్నాడు. వాన తగ్గాక చూద్దాంలే, గిన్నె పెట్టు అన్నాను. నా తప్పే. వాన తగ్గింది, నేనూ మర్చిపోయాను. రెండేళ్లకు స్టవ్ పక్కన అరచేయంత పెచ్చు ఊడిపడింది. ఎవరికీ తగల్లేదు కాబట్టి సరిపోయింది. పైకి చూస్తే కడ్డీ తుప్పు పట్టి ఉబ్బింది. ఉబ్బిన కడ్డీయే సిమెంటును కిందికి తోసేస్తుంది. తుప్పు గీకించి, పూత వేయించి, మిద్దె మొత్తం వాటర్ ప్రూఫింగ్ చేయించేసరికి నాలుగు నెలల అద్దె పోయింది. ఇంతకీ ఆ రోజు సమస్య ఏమిటో తెలుసా? మిద్దె మీద నీళ్లు పోయే గొట్టం నోట్లో వేపాకులు, ఒక పాత గోనెసంచి ముక్క. చేత్తో తీస్తే అయిపోయేది.

అందుకే అక్టోబరు వానలు మొదలయ్యేలోపు నేనే మిద్దె ఎక్కుతాను. ఎవరినీ పంపను.

ఆ 2021 నవంబరులోనే ఎం.ఆర్.పల్లి శ్రీకృష్ణానగర్‌లో సిమెంటు వరలతో కట్టిన సంపు భూమిలోంచి పైకి లేచింది, గుర్తుందా? ఆ వీడియో అందరూ చూశారు. చాలామంది వింత అన్నారు. చుట్టూ నేలంతా నీటితో నిండిపోయినప్పుడు లోపల నీళ్లు తగ్గిన తొట్టి పడవలా తేలుతుంది. కాబట్టి జడివాన రోజుల్లో సంపు ఖాళీ చేసి కడగకండి. వేసవిలోనే కడిగించండి.

కరెంటు సంగతి రెండు ముక్కల్లో. ఒకే మీటరు పెట్టి, లోపల సబ్ మీటర్లతో పంచుకుందామనుకోకండి. రెండిళ్ల యూనిట్లు ఒకే బిల్లులో కలిస్తే, ఎక్కువ యూనిట్లకు వేసే పై స్లాబ్ రేటు పడుతుంది. తర్వాత ఆ తేడా మీద ప్రతి నెలా పంచాయితీ. పోర్షన్‌కో మీటరు ఉండాలి, మోటారు దేని మీద నడుస్తుందో అగ్రిమెంటులోనే రాయాలి.

పన్ను విషయంలో మాత్రం మనకు కాస్త ఊరట ఉంది. వచ్చిన అద్దెలోంచి మీరు ఆ ఏడాది కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఇస్తారు. రిపేర్లకు రూపాయి ఖర్చు పెట్టకపోయినా అంతే ఇస్తారు, లక్ష పెట్టినా అంతే ఇస్తారు. పెయింటింగ్ బిల్లులు దాచుకుని ఆడిటర్ దగ్గరికి వెళ్లినా లాభం లేదు. బావ ఇంటికి పన్నెండు నెలలూ అద్దె వచ్చిందని, ఇంటి పన్ను ఎనిమిది వేలని అనుకుందాం. మిగిలే 2,32,000లో 69,600 మీద పన్ను పడదు. అన్నట్టు, ఆ ఇంటి పన్ను అద్దెకున్నవాళ్లు కడితే మీ లెక్కలోకి రాదు. మీరే కట్టాలి, ఆ ఏడాదిలోనే కట్టాలి.

బావ ఇంకా ఆశ వదల్లేదు, ఆదివారం మళ్లీ వెళ్తాడట. ఈసారి బేరానికి ముందు మిద్దె ఎక్కి, నాలుగు బకెట్ల నీళ్లు పోసి, అవి ఎటు పోతాయో చూడమన్నాను. ఇల్లుగలాయన ఏమనుకుంటాడో అని మొహమాటపడుతున్నాడు. బకెట్ నేనే తీసుకెళ్తున్నాను.