తప్పు ఆప్షన్ రాయడంలోనే ఉంది పనంతా

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

"అర్థమైందా?" అని అడగ్గానే క్లాసంతా "అయింది" అంటుంది. ఎంతమందికి అయిందో మాత్రం తేలదు. చేతులెత్తమంటే ఎప్పుడూ లేచే చేతులే లేస్తాయి. క్లికర్లు (జవాబు నొక్కే చిన్న రిమోట్లు), పోల్స్, ఫోన్ క్విజ్‌లు ఇక్కడే పనికొస్తాయి. అందరూ జవాబివ్వాలి, ఎవరిది ఏమిటో పక్కవాళ్లకు తెలియదు, మనకు క్షణాల్లో తెలుస్తుంది.

పరికరం అంతవరకే చేస్తుంది. మిగతాది ప్రశ్న చెయ్యాలి. 0.4, 0.62, 0.385 లలో ఏది పెద్దది అని అడిగామనుకోండి. 0.385 నొక్కిన అబ్బాయి చుక్కను వదిలేసి 4, 62, 385 అని చదువుకుంటున్నాడు. 0.4 నొక్కిన అమ్మాయిది వేరే లెక్క. పదో వంతు కంటే వెయ్యో వంతు చిన్నది కాబట్టి చుక్క తర్వాత అంకెలు పెరిగేకొద్దీ విలువ తగ్గుతుందనుకుంటోంది. ఇద్దరిదీ తప్పే, కానీ ఇద్దరికీ ఒకే మాట చెబితే లాభం లేదు. అదే 0.5, 0.45, 0.125 ఇచ్చి ఉంటే? ఆ అమ్మాయి తన తప్పు సూత్రంతోనే 0.5 నొక్కేది. తెర మీద సరైన జవాబుల పొడుగాటి ఆకుపచ్చ బార్ చూసుకుని మనం నిశ్చింతగా తర్వాతి పాఠం మొదలుపెట్టేవాళ్లం. సరైన జవాబు ఎవరైనా రాస్తారు. తప్పు ఆప్షన్లు రాయడానికే పాఠం చెప్పిన అనుభవం కావాలి.

జవాబులు వచ్చాక ఏం చెయ్యాలి? హార్వర్డ్‌లో ఫిజిక్స్ బోధించే ఎరిక్ మజుర్ 1991 నుంచి ఒక పద్ధతి పాటిస్తున్నారు. ముందు ఎవరికి వారు జవాబివ్వాలి, తర్వాత పక్కవారితో వాదించాలి, మళ్లీ అదే ప్రశ్నకు ఓటెయ్యాలి. సరైన జవాబు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య వస్తే వాదనకు వదలొచ్చు. అంతకన్నా తగ్గితే పాఠం మళ్లీ చెప్పాలి, మించితే చిన్న వివరణతో ముందుకు సాగొచ్చు. ఒక్క జాగ్రత్త: వాదన ముగిసేదాకా బార్లు తెర మీద చూపించకండి. చూస్తే, ఎక్కువమంది ఎటుంటే అటు జరిగిపోతారు.

కహూట్ లాంటి ఫోన్ క్విజ్ ఆటల్లో సందడి బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ త్వరగా నొక్కినవారికి ఎక్కువ పాయింట్లంటే, ఆలోచించే పిల్లలు వెనకబడతారు. రివిజన్‌కు సరే. కొత్త పాఠానికైతే టైమర్ పెంచండి, ర్యాంకుల పట్టిక తీసెయ్యండి.

పిల్లల దగ్గర ఫోన్లు లేకపోతే ప్లికర్స్ అనే యాప్ ఉంది. గళ్ల గుర్తున్న కాగితం కార్డును ఏ వైపు తిప్పి పట్టుకుంటే అదే జవాబు. టీచర్ ఫోన్ కెమెరా మొత్తం చదివేస్తుంది.

ఈ జవాబులకు మాత్రం మార్కులు వెయ్యకండి. మార్కులున్నాయంటే పిల్లలు తెలిసింది నొక్కరు, క్లాస్ ఫస్ట్ ఏది నొక్కితే అదే నొక్కుతారు. అప్పుడు మన తెర మీద కనబడేది ఆ ఒక్కరి జవాబే.