పెద్ద రీఫ్ ట్యాంక్‌కి ఓవర్‌ఫ్లో: అలుగు ఎంత పొడవు, పైపులు ఎన్ని?

[తెర మీద: మత్తడి దుంకుతున్న చెరువు. రాతి గోడ మీంచి పల్చటి దుప్పటిలా జారుతున్న నీళ్ళు.]

వానలు బాగా పడిన ఏడాది మా ఊరి చెరువు మత్తడి దుంకేది. ఊరంతా పిల్లాజెల్లాతో చూడ్డానికి వెళ్ళేవాళ్ళం. కోస్తాలో దీన్నే అలుగు పారడం అంటారు. చెరువు నిండాక మిగులు నీళ్ళు కట్టని తెంచకుండా పక్కనుంచి పోవాలని కట్టిన గోడ అది. కాకతీయులు కట్టించిన పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల్లో ఏది చూసినా, కట్ట ఎంత ముఖ్యమో అలుగు అంత ముఖ్యం. ఇవాళ మనం మాట్లాడుకునే ఓవర్‌ఫ్లో కూడా అచ్చంగా అదే. గాజు చెరువుకి పెట్టే అలుగు.

[తెర మీద: ఖాళీ గాజు ట్యాంక్. కింద స్టాండ్‌లో సంప్.]

అందరికీ నమస్కారం. నా ముందున్నది రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు, చేపలు పెంచే ఉప్పునీటి ట్యాంక్. 6 అడుగుల పొడవు, 2½ అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. అంచుదాకా లెక్కేస్తే సుమారు 850 లీటర్లు. కింద సంప్, అంటే రెండో తొట్టె. అందులో స్కిమ్మర్ (నీటిలోని మురికిని నురగగా తీసేది), హీటర్, నీళ్ళని తిరిగి పైకి పంపే రిటర్న్ పంప్ ఉంటాయి. పంప్ నీటిని పైకి తోస్తుంది, తోసినంత నీరూ ఓవర్‌ఫ్లో మీదుగా తన బరువుతో తనే కిందికి రావాలి. పంప్ ఎప్పుడూ కిందికి దించదు, పైకి తోయడమే దాని పని. కాబట్టి దిగే దారి మూసుకుపోయిన క్షణం నుంచి మీ హాల్లోకి నీళ్ళు రావడం మొదలవుతుంది.

ఓవర్‌ఫ్లో ఎంచుకోవడం అంటే నిజానికి రెండు వేర్వేరు నిర్ణయాలు. నీళ్ళు ఏ అంచు మీంచి జారాలి అన్నది అలుగు లెక్క. జారిన నీళ్ళు ఏ గొట్టంలోంచి సంప్‌కి దిగాలి అన్నది తూము లెక్క. షాపులో రెండూ కలిపి ఒకే డబ్బాగా అమ్ముతారు కాబట్టి మనం ఒకటే అనుకుంటాం. విడదీసి చూస్తేనే సరైనది ఎంచుకోగలం.

ముందు అలుగు సంగతి.

[తెర మీద: నీటి మట్టం దగ్గర క్లోజప్. పైన సన్నటి జిడ్డు పొర, రంగులు తేలుతూ.]

దగ్గరగా చూడండి. మేత వేసిన పది నిమిషాలకి నీటి మీద ఈ పొర వస్తుంది. ప్రొటీన్లు, కొవ్వులు పైకి తేలి ఇలా పరుచుకుంటాయి. దీనివల్ల నీటికీ గాలికీ మధ్య ఆక్సిజన్ మార్పిడి తగ్గుతుంది, పగడాలకి అందే వెలుతురూ కొంత తగ్గుతుంది. ఈ పై పొరని మాత్రమే గీకి స్కిమ్మర్‌కి అందించడం అలుగు అసలు పని. అలుగు మీద నీళ్ళు ఎంత పల్చగా జారితే అంత బాగా గీకుతుంది.

రీఫ్ ట్యాంక్‌లో సంప్‌కి గంటకి ట్యాంక్ పరిమాణానికి ఐదు రెట్ల నీళ్ళు వెళ్తే చాలంటాను. పగడాలకి కావాల్సిన ఉధృతి వేవ్ పంపులు ఇస్తాయి, దానికోసం రిటర్న్ పంప్ పెద్దది కొనక్కర్లేదు. మన ట్యాంక్‌కి గంటకి సుమారు 4,000 లీటర్లు అనుకుందాం. ఈ 4,000 లీటర్లు 25 సెంటీమీటర్ల అంచు మీంచి జారితే నీటి మందం దాదాపు 18 మిల్లీమీటర్లు. అదే నీళ్ళు 1 మీటరు అంచు మీంచి జారితే మందం 7 మిల్లీమీటర్లే. పంప్ మారలేదు, కరెంటు బిల్లు మారలేదు, అంచు పొడవొక్కటే మారింది. 18 మిల్లీమీటర్ల మందంలో జిడ్డుతో పాటు కింది శుభ్రమైన నీళ్ళు కూడా కలిసిపోతాయి. 7 మిల్లీమీటర్లలో వచ్చేది ఎక్కువగా పై పొరే.

[తెర మీద: దువ్వెన పళ్ళ అంచు పక్కన నున్నటి అంచు.]

దువ్వెన పళ్ళలా కోసిన అంచు కొనేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పళ్ళ మందం, మధ్య ఖాళీ సమానంగా ఉంటే మీ 1 మీటరు అలుగు అర మీటరే. ఆ సందుల్లో నాచు, కొరలైన్ అనే గట్టి గులాబీరంగు నాచు పేరుకుంటే ఇంకా తగ్గుతుంది. చేపలు పడకుండా అడ్డు కావాలి, అందులో మరో మాట లేదు. నేనైతే నున్నటి అంచు పెట్టి, పైన తీసి కడుక్కోగలిగే జాలీ బిగిస్తాను.

ఇక కరెంటు. మన ఇళ్ళలో ఈ లెక్క వేయకుండా ఓవర్‌ఫ్లో కొనకూడదు.

[తెర మీద: చీకటి గది. పంప్ ఆగిన శబ్దం. సంప్‌లో మట్టం పెరుగుతోంది.]

ఈ ట్యాంక్‌లో మట్టం 1 సెంటీమీటరు తగ్గితే దాదాపు 14 లీటర్లు దిగినట్టు. పంప్ ఆగగానే అలుగు పైన ఉన్న మందమంతా సంప్‌లోకి వచ్చేస్తుంది. 18 మిల్లీమీటర్లయితే 25 లీటర్లు, 7 మిల్లీమీటర్లయితే 10 లీటర్లు. పొడవైన అలుగు ఇక్కడ కూడా మనల్ని కాపాడుతోంది. అసలు ప్రమాదం రిటర్న్ పైపులో ఉంటుంది. ట్యాంక్‌లో ఉండే దాని నోరు, అంటే నాజిల్, అలుగు కన్నా 10 సెంటీమీటర్లు కిందికి మునిగి ఉంటే, పంప్ ఆగిన తర్వాత అదే సైఫన్‌లా మారి నీళ్ళని వెనక్కి లాగుతుంది. 10 సెంటీమీటర్లంటే 140 లీటర్లు! మీ సంప్‌లో అంత ఖాళీ ఉందా? అందుకే నాజిల్ నీటి మట్టానికి ఒక్క వేలు కిందే ఉండాలి. నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ ఉందిగా అంటారు. ఉప్పునీళ్ళలో దానిలోపల సున్నపు గారలు పేరుకుని ఒక రోజు సరిగ్గా మూసుకోదు. దాని మీద ఇంటిని వదలకండి.

ఇప్పుడు తూము దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే.

నా పాత 4 అడుగుల ట్యాంక్‌కి ఒకే పైపు ఉండేది. ఒక రాత్రి టర్బో నత్త ఒకటి అలుగు దాటి వెళ్ళి ఆ పైపు నోట్లో ఇరుక్కుంది. తెల్లారి మంచం దిగి హాల్లోకి వస్తే పాదాలకి ఉప్పునీళ్ళు తగిలాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డు నీళ్ళకి రెండంగుళాల పైన వేలాడుతోంది. అదింకొంచెం కింద ఉంటే ఏం జరిగేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ రోజు నుంచి ఏ ఓవర్‌ఫ్లో చూసినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: అర్ధరాత్రి దీని నోట్లో నత్త ఇరుక్కుంటే నీళ్ళు ఎటు పోతాయి?

[తెర మీద: మూడు రకాల పైపుల గీత బొమ్మలు, ఒకటి తర్వాత ఒకటి.]

ఆ ఒంటి పైపుని డర్సో అంటారు. పైన వంపు, వంపు నెత్తిన గాలికి చిన్న రంధ్రం. నీళ్ళూ గాలీ కలిసి దిగుతాయి కాబట్టి గుడగుడమంటుంది, సంప్‌లో బుడగలు చిట్లి చుట్టూ ఉప్పు పేరుకుంటుంది. చిన్న ట్యాంక్‌కి సరే. 850 లీటర్లకి వద్దు.

రెండు పైపుల పద్ధతి హెర్బీ. మొదటి పైపు నిండా నీళ్ళే, గాలి ఉండదు, పూర్తి సైఫన్. కింద వాల్వ్ తిప్పి ప్రవాహాన్ని పంప్‌కి సరిపోయేలా సరిచేస్తాం. రెండోది కాస్త ఎత్తులో, పొడిగా, ఆపదకి మాత్రమే. నిశ్శబ్దంగా పనిచేస్తుంది. కాకపోతే పంప్‌లో మురికి పట్టి ప్రవాహం కొంచెం తగ్గినా సైఫన్ గాలి పీల్చి గుర్రుమంటుంది. మళ్ళీ వాల్వ్ తిప్పాలి. అది భరించలేక చాలామంది రెండో పైపులోకి కూడా కొంచెం నీళ్ళు వదులుతారు. అలా చేస్తే అది ఆపదకి ఉంచిన పొడి పైపు కాకుండా పోయింది కదా.

మూడు పైపుల పద్ధతి బీన్ యానిమల్. ఆ పేరుతో ఇంటర్నెట్‌లో రాసే ఒక అభిరుచిదారుడు రూపొందించినది, పేరూ అలాగే నిలిచింది. మొదటి పైపు పూర్తి సైఫన్. రెండోది ఓపెన్ ఛానల్, అంటే గాలి ఆడుతూ కొద్ది నీళ్ళు మాత్రమే దిగేది. పంప్ ప్రవాహంలో వచ్చే చిన్న తేడాలన్నీ ఇది సర్దుకుంటుంది. మూడోది పొడిగా ఉంటుంది. ఇందులో నాకు నచ్చినది రెండో పైపుకి తగిలించే సన్నటి గాలి గొట్టం. దాని కొస మామూలు మట్టం కన్నా కొంచెం పైన ఉంటుంది. మొదటి పైపు మూసుకుపోతే మట్టం పెరిగి ఆ కొసని ముంచుతుంది, గాలి ఆగుతుంది, దాంతో రెండో పైపే పూర్తి సైఫన్‌గా మారి మొత్తం నీళ్ళు మోస్తుంది. ఎవరూ లేవక్కర్లేదు, ఏ సెన్సరూ అక్కర్లేదు. అది కూడా మూసుకుంటే మూడోది ఉంది.

పెద్ద ట్యాంక్‌కి నా ఓటు దీనికే. మూడూ ఒకటిన్నర అంగుళం పైపులు. సైఫన్‌కి గేట్ వాల్వ్ పెట్టండి, బాల్ వాల్వ్ వద్దు. బాల్ వాల్వ్ పావు చుట్టులో పూర్తిగా తెరిచి మూసుకుంటుంది, చిన్న సవరణ దానితో కుదరదు.

ట్యాంక్‌కి రంధ్రం వేయకుండా అంచుకి తగిలించే రకం గురించి చాలామంది అడుగుతారు. అందులో నీళ్ళు గోడ ఎక్కి దిగడానికి వంపు గొట్టంలో సైఫన్ నిలిచి ఉండాలి. బుడగలు పేరుకున్నా, కరెంటు పోయి వచ్చినప్పుడు సైఫన్ తెగినా పంప్ మాత్రం తోస్తూనే ఉంటుంది. రోజుకి నాలుగుసార్లు కరెంటు పోయే చోట ఇంత పెద్ద ట్యాంక్‌కి ఇది పెట్టొద్దని గట్టిగా చెప్తాను.

[తెర మీద: గాజు పని చేసే చోటు. డైమండ్ బిట్, నీళ్ళ సీసా.]

రంధ్రాలు వెనక గాజుకి పైభాగంలో వేయించండి. అడుగున వేస్తే, లోపలి పెట్టె అతుకు కారి కింద బల్క్‌హెడ్ (రంధ్రంలో పైపుని బిగించే అమరిక) కూడా వదిలితే ట్యాంక్ మొత్తం ఖాళీ. వెనక పైన ఉంటే ఎంత ఘోరం జరిగినా రంధ్రం మట్టం వరకే పోతుంది. లోపల సన్నటి అలుగు పెట్టె, గాజు వెనక పైపుల పెట్టె, ఇదీ నేను వేయించుకున్నది. దానికోసం స్టాండ్‌ని గోడకి అడుగు దూరంగా జరపాలి. చెయ్యి పట్టేంత చోటు లేకపోతే రేపు వాల్వ్ తిప్పలేరు.

ట్యాంక్ కట్టే ఆయన్ని ముందే అడిగాను, "అన్నా, వెనక గాజు టఫెన్డా, మామూలుదా?" అని. "మామూలుదే సార్. టఫెన్డ్ అయితే బిట్టు ఆనించగానే పొడిపొడి అయిపోద్ది," అన్నాడు. ఈ ఒక్క ప్రశ్న మర్చిపోవద్దు. బిట్ సైజు కూడా బల్క్‌హెడ్ చేతికొచ్చాక కొలిచే తీసుకోండి, ఒకే పేరుతో అమ్మేవాటికి కూడా కొలతలు తేడాగా ఉంటాయి.

[తెర మీద: గేట్ వాల్వ్ మీద చెయ్యి. క్లోజప్. శబ్దం మాత్రమే.]

ఇప్పుడు వినండి. వాల్వ్ పూర్తిగా తెరిచి పంప్ వేశాను. బడబడమంటూ గాలి బయటికి పోతోంది. సైఫన్ పైపు కొస సంప్ నీళ్ళలో ఒక్క అంగుళమే మునగాలి, లోతుగా ముంచితే ఈ గాలి బయటికి పోలేక సైఫన్ అందుకోదు. నిమిషం దాటింది. ఇప్పుడు కొంచెం కొంచెంగా మూస్తున్నాను. పావు చుట్టు... ఆగుదాం, మట్టం తేరుకోవడానికి టైమ్ పడుతుంది. ఇంకో పావు. గుర్రుమనడం తగ్గింది. ఇదిగో, రెండో పైపులో చేతిగోరంత మందాన నీటి ధార గోడని అంటుకుని దిగుతోంది. గదిలో ఫ్యాన్ శబ్దం తప్ప ఏమీ లేదు. ఇక్కడే వదిలేయాలి.

ఇంకా ఒక్క చేప కూడా వేయకముందే, ఉత్త నీళ్ళతో ఈ పని చేయండి. సైఫన్ పైపు నోటికి మూత బిగించి పంప్ నడవనివ్వండి. రెండోది అందుకోవాలి. దానికీ మూత పెట్టండి, మూడోది ఒక్కటే మొత్తం మోయాలి. మూడిటికీ పెట్టి చూడండి: సంప్‌లో రిటర్న్ పంప్ ఉండే అరలో ఉన్న నీళ్ళన్నీ పైకి వెళ్ళినా ట్యాంక్ అంచు దాటకూడదు. నా అరలో 40 లీటర్లు, అంటే పైన 3 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ఆటో టాప్ అప్ (ఆవిరైన నీళ్ళని తనే నింపే పరికరం) ఉంటే దాని డబ్బాలోని మంచినీళ్ళు కూడా ఈ లెక్కలో కలపండి. రిటర్న్ అర ఖాళీ అయితే అది ఇంకా పోస్తూనే ఉంటుంది. చివరగా మెయిన్ స్విచ్ కట్టేసి సంప్ అంచు దగ్గర టేప్ పట్టుకుని కూర్చోండి. నీళ్ళు ఆగిన చోట మార్కర్‌తో గీత గీయండి. పంప్ ఆగి ఉన్నప్పుడు ఆ గీత దాటి సంప్ ఎప్పుడూ నింపొద్దు.

[తెర మీద: సంప్ గాజు మీద నల్ల గీత. దాని కింద ఒక అంగుళం దూరంలో నిలిచిన నీళ్ళు.]