ఇప్పనూనె సబ్బుకు గొర్రె ఉన్ని తొడుగు: ఇంట్లో సబ్బు తయారీ, ఫెల్టింగ్

(దృశ్యం: చెక్కబల్ల మీద లేతపసుపు రంగు సబ్బు బిళ్ల, దాని పక్కనే నల్ల ఉన్ని తొడుగులో ఉన్న మరో బిళ్ల.)

నమస్కారం. ఉన్ని స్వెటరును వేడినీళ్లలో వేసి, సబ్బు పెట్టి రుద్ది ఉతికితే అది చిన్నపిల్లల చొక్కా అంతకు కుంచించుకుపోతుందని మనలో చాలామందికి తెలుసు. ఆ కుంచించుకుపోవడాన్నే కావాలని, మనకు పనికొచ్చే విధంగా జరిపించడాన్ని ఫెల్టింగ్ అంటారు. ఈ వీడియోలో ముందుగా ఇంట్లో సబ్బు తయారుచేసి, ఆ తర్వాత దానికి ఉన్ని తొడుగు ఎలా వేయాలో చూద్దాం.

నేను ఉండేది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కిన్వట్‌లో. పెన్‌గంగ ఒడ్డున ఉన్న ఈ ఊరి నుంచి ఆదిలాబాద్ దగ్గరే కాబట్టి, ఇక్కడి బజారులో మరాఠీ ఎంత వినిపిస్తుందో తెలుగూ అంతే వినిపిస్తుంది. మనం ఇప్పచెట్టు అంటే మరాఠీవాళ్లు మోహా అంటారు. మన గొంగడి వాళ్లకు ఘోంగడి. ఈ అభిరుచికి కావలసిన రెండు ముఖ్యమైన వస్తువులు, అంటే ఇప్పగింజల నూనె, దక్కనీ గొర్రెల ఉన్ని, రెండూ ఈ సరిహద్దు నేల మీదే దొరుకుతాయి. అందుకే దూరం నుంచి వచ్చే ఖరీదైన సామగ్రి కంటే వీటితోనే మొదలుపెట్టమని నా సలహా.

(దృశ్యం: డిజిటల్ త్రాసు, స్టీలు గిన్నెలు, కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు.)

సబ్బు అనేది నూనె, కాస్టిక్ సోడా కలిసి పూర్తిగా మారిపోగా వచ్చే కొత్త పదార్థం. కాస్టిక్ సోడా అంటే సోడియం హైడ్రాక్సైడ్. నూనెలోని కొవ్వు ఆమ్లాలు దానితో కలిసి సబ్బుగా మారతాయి, మిగిలిన భాగం గ్లిజరిన్‌గా విడిపోయి సబ్బులోనే ఉండిపోతుంది. అయితే ఒక్కో నూనెకు కావలసిన కాస్టిక్ ఒక్కో రకంగా ఉంటుంది: ఒక గ్రాము కొబ్బరినూనెకు సుమారు 0.183 గ్రాములు, ఆముదానికి సుమారు 0.128 గ్రాములు, ఇప్పనూనెకు, కుసుమ నూనెకు సుమారు 0.136 గ్రాముల చొప్పున పడుతుంది. కాబట్టి ఒక నూనె తగ్గించి మరొకటి పెంచిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.

నేను వాడే పాళ్లు ఇవి. కొబ్బరినూనె 200 గ్రాములు, ఇప్పనూనె 200 గ్రాములు, ఆముదం 50 గ్రాములు, కుసుమ నూనె 50 గ్రాములు. వీటన్నిటికీ లెక్కప్రకారం 77 గ్రాముల కాస్టిక్ పడుతుంది. కానీ నూనెలో నూటికి అయిదు వంతులు సబ్బుగా మారకుండా మిగిలిపోవాలన్న ఉద్దేశంతో నేను 73 గ్రాములే వేస్తాను. నీళ్లు 150 గ్రాములు. మా వైపు బోరునీళ్లలో సున్నం ఎక్కువ, అది సబ్బుతో కలిసి తెట్టు కడుతుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్ వాడటం మంచిది. కుసుమ నూనె మరాఠ్వాడా వంటింటి నూనె, సులువుగా దొరుకుతుంది. అయినా దాన్ని ఎక్కువ వేయకూడదు. వేస్తే సబ్బు మెత్తబడటమే కాక, కొన్ని నెలలకు నారింజరంగు మచ్చలు పడి కమటువాసన వస్తుంది.

(దృశ్యం: తలుపులు తెరిచిన వరండా. నీళ్ల గిన్నెలో కాస్టిక్‌ను కొద్దికొద్దిగా వేస్తున్న చేతులు.)

ఇక్కడ దయచేసి శ్రద్ధగా వినండి. కాస్టిక్‌నే నీళ్లలో వేయాలి, నీళ్లను కాస్టిక్ మీద ఎన్నడూ పోయకూడదు. పోస్తే అది ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. పొయ్యి లేకుండానే ఈ ద్రావణం 80 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అల్యూమినియం గిన్నె అసలే పనికిరాదు, ఎందుకంటే కాస్టిక్ ఆ లోహాన్ని తినేస్తూ మండే వాయువును వదులుతుంది. చర్మం మీద చుక్క పడితే నిమ్మరసం, వెనిగర్ వంటివి వెతక్కుండా ధారగా పారే నీళ్ల కింద చాలాసేపు కడగాలి. ఈ పని జరుగుతున్నంతసేపూ చిన్నపిల్లలు ఇంట్లో ఆ వైపుకు రాకూడదు.

చలికాలంలో ఇప్పనూనె గడ్డకడుతుంది కాబట్టి ముందు దాన్ని కరిగించాలి. నూనెలు, ద్రావణం రెండూ సుమారు 40 డిగ్రీలకు చల్లారాక కలిపి, హ్యాండ్ బ్లెండర్‌తో ఆగి ఆగి తిప్పాలి. చెక్క కవ్వాన్ని కాస్టిక్ పాడుచేస్తుంది. మిశ్రమం పలచని పెరుగులా చిక్కబడి, పైనుంచి జార్చిన ధార గీత కాసేపు కనబడితే అచ్చులో పోయవచ్చు. ఒకటి రెండు రోజులకు తీసి, బిళ్లలుగా కోసి, గాలి తగిలే నీడలో నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వాలి.

ఈ ఆరు వారాలను నేను మొదటిసారి లెక్కచేయలేదు. పైగా కాస్టిక్‌ను తూచకుండా గ్లాసుతో కొలిచాను. తెల్లని పొడి మచ్చలున్న ఆ పచ్చి సబ్బుకు ఉన్ని చుడితే, పోగులు పసుపుబారి, జిగటగా మారి, చేతిలోనే తెగిపోయాయి. ఉన్ని కూడా మన వెంట్రుకల వంటి ప్రోటీనే. సబ్బులో ఉండే కొద్దిపాటి క్షారం దానికి ఫెల్టింగ్‌లో సాయపడుతుంది, మిగిలిపోయిన కాస్టిక్ మాత్రం దాన్ని కరిగించేస్తుంది. అందువల్ల బాగా ఆరిన, గట్టిపడిన బిళ్లనే తీసుకోవాలి.

(దృశ్యం: సూక్ష్మదర్శినిలో ఉన్ని పోగు, చేప పొలుసుల వంటి పొరలు.)

ఉన్ని పోగు మీద ఇలాంటి పొలుసులు ఉంటాయి. వేడినీళ్లు, సబ్బు తగిలినప్పుడు అవి విచ్చుకుంటాయి, ఒత్తిడి, కదలిక తోడైతే పోగులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి, పొలుసుల వల్ల మళ్లీ వెనక్కి రాలేక చిక్కుకుపోతాయి. మెరినో అనే జాతి గొర్రెల ఉన్ని సన్నగా ఉంటుంది గనుక ఈ పని త్వరగా అవుతుంది. కురుమలు, ధన్‌గర్లు మేపే దక్కనీ గొర్రెల ఉన్ని ముతకది, వెంట్రుకలు కలిసినది, కనుక నెమ్మదిగా పడుతుంది; అయితే ఒంటి మట్టి వదిలించడానికి ఆ గరుకుదనమే బాగుంటుంది. పచ్చి ఉన్నిని ముందుగా కుంకుడుకాయ రసం కలిపిన గోరువెచ్చని నీళ్లలో కదపకుండా నానబెట్టి, జిడ్డు, మట్టి పోయాక ఆరబెట్టి దువ్వాలి. కదిపితే అక్కడే ముద్దకడుతుంది.

(దృశ్యం: బిళ్ల చుట్టూ ఉన్ని చుడుతున్న చేతులు, తర్వాత పాత నైలాన్ సాక్సులో పెట్టడం.)

బిళ్ల అంచులను కత్తితో గుండ్రంగా చెక్కండి, లేకపోతే మూలల దగ్గర ఉన్ని పలచబడి చిల్లు పడుతుంది. 100 గ్రాముల బిళ్లకు 10 గ్రాముల ఉన్ని సరిపోతుంది. దాన్ని పలచని పొరలుగా, ఒకటి నిలువుగా, మరొకటి అడ్డంగా చుట్టాలి. పాత నైలాన్ సాక్సులో పెట్టి, చేయి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లు కొద్దిగా చిలకరించి, మొదటి అయిదు నిమిషాలు రుద్దకుండా అరచేతులతో ఒత్తుతూ ఉండాలి. ఆ తర్వాతే నురగతో రుద్దడం పెంచాలి. ఉన్ని సాక్సుకు అంటుకోకుండా మధ్యమధ్యలో విడదీసి చూడండి. వేళ్లతో గిల్లినప్పుడు పోగులు విడిగా లేవకుండా మొత్తం తొడుగే కదిలితే పని పూర్తయినట్టు. దక్కనీ ఉన్నికి అరగంట కూడా పట్టవచ్చు, తొందరపడకండి. చివరగా చల్లని నీళ్లలో ముంచి, పిండి, నీడలో ఆరబెట్టండి.

వాడేకొద్దీ లోపలి సబ్బు అరుగుతుంటే తొడుగు కూడా దానితోపాటే కుంచించుకుంటుంది. స్నానం తర్వాత నీళ్లు నిలవని చోట పెట్టండి, లేకపోతే ఉన్నికి వాసన పడుతుంది. సబ్బంతా అయిపోయాక మిగిలిన ఆ చిన్న ఉన్ని సంచిని కడిగి ఆరబెట్టి, ఒక పక్క కోసి, కొన్ని వట్టివేర్లు నింపి కుట్టేస్తే బట్టల పెట్టెలో పెట్టుకోవచ్చు.