చూపు పోయినవాళ్లని మూల కూర్చోబెట్టకండి

అందరికీ నమస్తే అండి. షుగర్ వల్లో గ్లకోమా వల్లో నడివయసులో చూపు పోయినవాళ్లు ఉన్న ఇంటి కోసం ఈ వీడియో. ముఖ్యంగా ఇంట్లోవాళ్లు చూడాలి, ఎందుకంటే "నువ్వు కూర్చో నాన్నా, నేను తెస్తాగా" అంటూ మంచినీళ్ల దగ్గర్నుంచి అన్నీ చేతికే అందిస్తూ పోతే ఆయనకి ఇంక సొంతిల్లే కొత్తయిపోతుంది. నిజంగా చెప్తున్నా, చూపు పోయినదానికంటే ఈ కూర్చోబెట్టేయడమే మనిషిని ఎక్కువ కుంగదీస్తుంది.

నడిపించేటప్పుడు మనం ఏం చేస్తాం? రెక్క పట్టుకుని ముందుకి తోస్తాం. అలా వద్దు. ఆయన్నే మీ మోచేతికి కాస్త పైన పట్టుకోమని మీరు అరడుగు ముందు నడవండి, మెట్టు దిగినప్పుడు మీ ఒళ్లు కిందకి వెళ్లడం ఆయన చేతికి ముందే తెలిసిపోతుంది.

(మోచెయ్యి పట్టుకున్నది దగ్గరగా చూపించాలి)

తలుపులు మాత్రం పూర్తిగా తీసైనా ఉంచండి, పూర్తిగా వేసైనా ఉంచండి. సగం తీసిన తలుపు అంచు నేరుగా నుదుటికే తగుల్తుంది. కుర్చీ జరిపితే ఒక మాట చెప్పండి.

ఇక డబ్బులు. ఇప్పటి 100, 200, 500 నోట్లు మూడింటి వెడల్పూ ఒకటే, పొడవులే 142, 146, 150 మిల్లీమీటర్లు, ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడా వేళ్లకి అంత ఈజీగా దొరకదు. అంచుల్లో ఉబ్బెత్తు గీతలుంటాయి, 100కి నాలుగు, 500కి ఐదు, 200కి నాలుగు గీతలతో పాటు రెండు సున్నాలు, కానీ నోటు నలిగితే అవీ తెలీవు. అందుకే ఒక్కో నోటు ఒక్కోలా మడిచి పెట్టుకోవడం అలవాటు చేస్కోండి, లేదా రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన మణి యాప్‌లో కెమెరా ముందు పెడితే ఎంత నోటో అదే చెప్తుంది.

ఫోన్‌కి కొత్త యాప్ కూడా అక్కర్లేదు, స్క్రీన్ మీదున్నది పైకి చదివి వినిపించే టాక్‌బ్యాక్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే ఉంటుంది, ఐఫోన్‌లో అయితే వాయిస్‌ఓవర్. ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితే ఓపెన్ అవుతుంది. మొదట్లో విసుగొస్తుంది, వదిలేయొద్దు.

గవర్నమెంట్ ఉద్యోగంలో ఉండగా చూపు పోతే తొందరపడి రిటైర్మెంట్ కాగితం మీద సంతకం పెట్టకండి ప్లీజ్. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20 ప్రకారం ఆ కారణంతో ఉద్యోగం తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, చేస్తున్న పనికి కుదరకపోతే అదే జీతం స్కేల్‌తో వేరే పోస్టుకి మార్చాలి. ముందు మెడికల్ బోర్డు సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు, అంటే వికలాంగులకి ఇచ్చే గుర్తింపు కార్డు, చేయించుకుని, ఆ సెక్షన్ పేరు రాసి ఆఫీసులో అర్జీ పెట్టండి, రసీదు తీస్కోవడం మర్చిపోవద్దు.