పదకొండో పేరాలో జవాబు

(చర్చా కార్యక్రమం. అంశం: పొడవాటి వ్యాసాలకే సెర్చ్‌లో ర్యాంకు వస్తుందా? పాల్గొన్నవారు: వెబ్‌సైట్లకు వ్యాసాలు రాసే రచయిత్రి, ఎస్‌ఈఓ (సెర్చ్‌లో సైట్లు పైకి కనిపించేలా చూసే) పని చేసే నిపుణుడు, సమాచార శోధన పాఠం చెప్పే ప్రొఫెసర్.)

యాంకర్: నమస్కారం. ముందుగా ఒక కాగితం చదువుతాను. ఫోన్‌లో అక్షరాల సైజు ఎలా పెంచుకోవాలో చెప్పే వ్యాసం ఇది. మొదటి వాక్యం: ‘నేటి ఆధునిక యుగంలో స్మార్ట్‌ఫోన్ మన జీవితంలో విడదీయరాని భాగమైపోయింది.’ రెండో పేరా ఫోన్ల చరిత్ర. మూడోది కంటిచూపు ప్రాముఖ్యం. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, డిస్‌ప్లే నొక్కి, ఫాంట్ సైజ్ మార్చుకోండి అనే అసలు ముక్క పదకొండో పేరాలో ఉంది. ఎవరు రాస్తారండీ ఇలాంటివి?

రచయిత్రి: నేనే రాశాను.

యాంకర్: (నవ్వుతూ) కాగితం ఇచ్చిందీ మీరే లెండి. ఎందుకలా రాయాల్సి వచ్చింది?

రచయిత్రి: బ్రీఫ్‌లో, అంటే ఏం రాయాలో చెప్పి క్లయింట్ పంపే కాగితంలో, కనీసం 2,000 పదాలు ఉండాలన్నారు. జవాబు నలభై పదాల్లో అయిపోయింది. మిగతా 1,960 ఎక్కణ్నుంచి తేవాలి? ఫోన్ పుట్టుక దగ్గర్నుంచి ఎత్తుకున్నాను. చేటభారతం అయింది.

నిపుణుడు: అలాంటి బ్రీఫ్‌లు నేనూ ఇచ్చాను, ఒప్పుకుంటాను. కానీ ఆ లెక్క ఊరికే గాల్లోంచి ఊడిపడలేదు మేడమ్. 2011 ఫిబ్రవరిలో గూగుల్ ‘పాండా’ అప్‌డేట్ తెచ్చింది. పైపైన నాలుగు ముక్కలు రాసి వేల పేజీలు గుప్పించే సైట్లు ఒక్కసారిగా కింద పడ్డాయి. అమెరికాలో 11.8 శాతం సెర్చ్‌ల మీద దాని ప్రభావం కనిపించిందని గూగులే చెప్పింది. దాంతో పొట్టి పేజీ అంటేనే అందరికీ టెన్షన్. పసలేని పేజీ వద్దని గూగుల్ అంటే, చిన్న పేజీ వద్దని మేం విన్నాం.

యాంకర్: మరి సర్వేలు? ఫస్ట్ పేజీలో ఉన్నవన్నీ పొడుగువేనని ఎక్కడ చూసినా కనిపిస్తుంది.

నిపుణుడు: ఎక్కువగా తిరిగేది బ్యాక్‌లింకో అనే ఎస్‌ఈఓ సైట్ లెక్క. 2016లో పది లక్షల ఫలితాలు చూసి, ఫస్ట్ పేజీ ఫలితాల సగటు 1,890 పదాలని చెప్పారు. 2020లో కోటీ 18 లక్షల ఫలితాలు చూస్తే సగటు 1,447కి వచ్చింది. ఆ రెండో లెక్కలోనే ఇంకో మాట ఉంది, దాన్నెవరూ పట్టించుకోరు. మొదటి పది స్థానాల మధ్య పదాల సంఖ్యలో పెద్ద తేడా లేదు. ఒకటో స్థానంలో ఉన్నదీ పదో స్థానంలో ఉన్నదీ దాదాపు ఒకే పొడుగు.

యాంకర్: అంటే పదాలు పెంచితే పదో స్థానం నుంచి ఒకటికి ఎగబాకుతామని దాన్ని చూసి చెప్పలేం.

నిపుణుడు: చెప్పలేం. నేను మాత్రం కొన్నేళ్లు చెప్పాను.

యాంకర్: మాస్టారూ, సెర్చ్ ఇంజిన్ అసలు పొడుగును చూస్తుందా?

ప్రొఫెసర్: చూస్తుంది. కాకపోతే మీరనుకునే దిశలో కాదు. పొడుగు పేజీకి అన్యాయంగా లాభం రాకుండా చూడటం శోధన శాస్త్రంలో చాలా పాత గొడవ. ఒక ఉదాహరణ తీసుకోండి. వంద పదాల పేజీలో ‘ఫాంట్’ నాలుగుసార్లు వచ్చింది. వెయ్యి పదాల పేజీలో ఎనిమిదిసార్లు. ఊరికే ఎన్నిసార్లో లెక్కపెడితే పెద్దదే గెలుస్తుంది. అందుకే పొడుగును బట్టి మార్కులు సర్దుతారు.

యాంకర్: సర్దితే?

ప్రొఫెసర్: పేజీలకు ఇలా మార్కులు వేసే బీఎం25 అని ఒక సూత్రం ఉంది, ఈ రంగంలో అందరికీ తెలిసిందే. ఈ రెండు పేజీల సగటు పొడుగునే ప్రమాణంగా పెట్టి, మామూలుగా వాడే విలువలతో చేస్తే చిన్న పేజీకి సుమారు 1.97, పెద్ద దానికి 1.77 వస్తుంది. చిన్నదే కాస్త ముందుంటుంది. పైగా మాట పదేపదే వాడిన కొద్దీ కలిసొచ్చేది తగ్గిపోతుంది. నాలుగోసారి వల్ల వచ్చిన లాభం నలభయ్యోసారి రాదు.

రచయిత్రి: ఈ సంగతి నాకు బ్రీఫ్ ఇచ్చినవాళ్లకు చెప్పాల్సింది.

ప్రొఫెసర్: ఆగండి, రెండో వైపు కూడా ఉంది. ఈ సూత్రం వెనకున్న రాబర్ట్‌సన్, వాకర్ 1994లోనే ఒక ప్రశ్న వేశారు: ఒక పత్రం ఎందుకు పొడుగవుతుంది? రెండు కారణాలు ఉండొచ్చన్నారు. ఒకటి, రాసినవాడు వాగుడుకాయ. ఒకే సంగతిని సాగదీశాడు. రెండోది, నిజంగానే ఎక్కువ సంగతులు చెప్పాడు. మొదటివాడికి కోత పెట్టాలి, రెండోవాడికి పెట్టకూడదు. యంత్రానికి వీళ్లిద్దర్నీ విడదీయడం కష్టం కాబట్టి సూత్రంలో సున్నా నుంచి ఒకటి దాకా తిప్పుకునే మీట ఒకటి పెట్టారు. మామూలుగా దాన్ని 0.75 దగ్గర ఉంచుతారు. 1996లో అమిత్ సింఘాల్, ఇద్దరు సహచరులతో కలిసి మరో సంగతి చూపించారు. అప్పటి పద్ధతులు పొడుగు పత్రాలకు అతిగా కోత పెడుతున్నాయి, వాటిలో పనికొచ్చేవి అంతకంటే ఎక్కువే ఉన్నాయని. ఆ సింఘాలే తర్వాత గూగుల్ సెర్చ్‌కు చాలాకాలం పెద్దదిక్కుగా ఉన్నారు.

నిపుణుడు: చూశారా, పొడుగులో విషయం ఉందన్నట్టేగా!

ప్రొఫెసర్: విషయం ఉంటే పొడుగవుతుంది. పొడుగు చేస్తే విషయం రాదు. మీ బ్రీఫ్ దీన్ని తిరగేసింది.

యాంకర్: గూగుల్ సూటిగా ఏమైనా చెప్పిందా?

నిపుణుడు: చెప్పింది. రాసేవాళ్లు తమను తాము వేసుకోవాల్సిన ప్రశ్నల జాబితా ఒకటి వాళ్ల మార్గదర్శకాల్లో ఉంది. గూగుల్‌కు ఫలానా పదాల సంఖ్య ఇష్టమని ఎక్కడో విని ఆ లెక్క కోసం రాస్తున్నారా అని అందులో ఒక ప్రశ్న. పక్కనే, మాకు అలాంటిదేమీ లేదు అని వాళ్లే రాసుకున్నారు. గూగుల్ సెర్చ్ తరఫున సైట్లవాళ్లతో మాట్లాడే జాన్ ముల్లర్ కూడా చాలాసార్లు ఇదే చెప్పారు.

రచయిత్రి: మరి అందరూ ఇంకా 2,000 అనే ఎందుకు అడుగుతున్నారు సర్?

నిపుణుడు: లింకుల వల్ల కొంత. అంటే వేరే సైట్లు మన పేజీకి దారి చూపడం. బ్యాక్‌లింకో, బజ్‌సుమో అనే మరో సంస్థ కలిసి 2019లో 91 కోట్లకు పైగా పోస్టులు పరిశీలించాయి. 3,000 పదాలు దాటిన వాటికి, వెయ్యి లోపు వాటికంటే సగటున 77.2 శాతం ఎక్కువ లింకులు వచ్చాయి. లింకులు ర్యాంకుకు పనికొస్తాయి కదా. మనిషి లింకు ఇచ్చేది పదాలు లెక్కపెట్టి కాదు. ఇందులో అన్నీ ఉన్నాయి, ఇదొక్కటి చాలనుకుని ఇస్తాడు. ఇదీ నిజమైన కారణమే. కానీ అసలు కారణం ఇంకోటి ఉంది...

రచయిత్రి: బిల్లు. నేను చెప్పనా? మాకు పదానికి ఇంత అని లెక్క. వ్యాసం బాగుందో లేదో తేల్చాలంటే ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. పదాలైతే కంప్యూటరే లెక్కపెడుతుంది. ఇన్ని ఆర్డర్ ఇచ్చాం, ఇన్ని వచ్చాయి, డబ్బు కట్టాం. 2,000 అనేది సెర్చ్ ఇంజిన్ కోసం పుట్టిన అంకె కాదు, ఇన్‌వాయిస్ కోసం పుట్టింది.

(స్టూడియోలో నవ్వులు.)

రచయిత్రి: ఇంకోటి. ఆ అంకె ఇంగ్లీషు పేజీలను బట్టి వచ్చింది, తెలుగు వ్యాసానికీ అదే పెడుతున్నారు. ‘వెళ్లనివ్వకపోయేసరికి’ మనకు ఒక్క మాట. ఇంగ్లీషులో ఐదారు మాటలు కావాలి. అదే సంగతి తెలుగులో చెబితే పదాలు తగ్గిపోతాయి. తగ్గినవాటికి మళ్లీ ఊకదంపుడు.

ప్రొఫెసర్: బాగా చెప్పారు. నేనైతే క్లాసులో ఈ ఉదాహరణ ఎత్తుకుపోతాను.

యాంకర్: సరే, పొడుగు నిజంగా అవసరమయ్యే చోట్లు?

నిపుణుడు: బోలెడు. మధుమేహం ఉందని నిన్ననే తెలిసినవాడికి నలభై పదాలు సరిపోవు. పరీక్షలేంటి, మందులేంటి, కళ్లు, కాళ్లు ఎలా చూసుకోవాలి, అన్నీ కావాలి. అదే అంగుళానికి ఎన్ని సెంటీమీటర్లని అడిగినవాడికి 2.54 చాలు. నేనిప్పుడు క్లయింట్‌కు అంకె ఇవ్వను. జనం వెతికే మాటను సెర్చ్‌లో కొట్టి ఫస్ట్ పేజీలో ఏమేం వస్తున్నాయో చూడమంటాను. అక్కడ పట్టికలూ కాలిక్యులేటర్లూ ఉంటే వ్యాసం రాయడమే దండగ. ఇంకో మాట, పేజీలో లోతుగా ఉన్న జవాబును కూడా గూగుల్ పట్టుకోగలదు. 2020 అక్టోబరులో ప్రకటించి, 2021 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు, ప్యాసేజ్ ర్యాంకింగ్ అని.

రచయిత్రి: గూగుల్ పట్టుకుంటుంది సరే. చదివేవాడి సంగతి? నా పదకొండో పేరా దాకా ఎవరొస్తారు?

ప్రొఫెసర్: తక్కువమందే. సగటు పేజీలో జనం చదివేది మహా అయితే 28 శాతం పదాలు, బహుశా 20 శాతమే అని, జనం వెబ్‌సైట్లను ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2008లో లెక్క తేల్చారు. మీ రెండు వేలల్లో నాలుగైదు వందలు. అవీ ఫోన్ల చరిత్ర దగ్గరే ఖర్చయిపోతాయి.

యాంకర్: ఇప్పుడు ఏఐ వచ్చాక?

ప్రొఫెసర్: ఒకప్పుడు మూడు వేల పదాలు కనబడితే, పాపం ఎవరో కష్టపడ్డారని ఒక నమ్మకం. ఇప్పుడు నిమిషంలో దిగుతాయి. పొడుగు చూసి శ్రమను అంచనా వేసే రోజులు పోయాయి. ర్యాంకు కోసం గుట్టలుగా పేజీలు పుట్టించడం మీద 2024 మార్చిలో గూగుల్ స్పామ్ విధానం కూడా తెచ్చింది. మనిషి రాసినా, యంత్రం రాసినా వర్తిస్తుంది.

యాంకర్: టైమ్ అయిపోతోంది. మేడమ్, ఆ ఫాంట్ వ్యాసం చివరికి ఏమైంది?

రచయిత్రి: మనసొప్పక మళ్లీ రాశాను. మొదటి వాక్యం: ‘సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే నొక్కండి, అక్కడ ఫాంట్ సైజ్ కనిపిస్తుంది.’ ఆ మాట కొన్ని ఫోన్లలో వేరే చోట ఉంటుంది కాబట్టి అదీ చెప్పాను. అక్షరాలు పెద్దవి చేశాక కొన్ని యాప్‌లలో బటన్లు స్క్రీన్ కిందకి జారిపోతాయి, అప్పుడేం చేయాలో రాశాను. మొత్తం 160 పదాలు. క్లయింట్‌కు పంపాను.

యాంకర్: ఏమన్నారు?

రచయిత్రి: ‘చాలా బాగుంది మేడమ్. మిగతా 1,840 ఎప్పుడు పంపుతారు?’